స్టెప్నీ లేని కారు, అనంతగిరి ఘాట్, ఒక సీసా సీలెంట్: ఎంతవరకు నమ్మొచ్చు?

ఈసారి టేబుల్ మీద ఫోన్లు, గాడ్జెట్లు ఏమీ లేవు. ఇదిగో, కోసిన టైరు ముక్క. లోపలి వైపు తెల్లగా, పెరుగు విరిగి ఎండినట్టు అంటుకుని ఉంది చూశారా? అదే ఇవాళ్టి టాపిక్. టైర్ సీలెంట్. పంక్చర్ పడితే వాల్వ్‌లోంచి ఎక్కించే లిక్విడ్.

ఈ ముక్క నా దగ్గరికి ఎలా వచ్చిందో ముందు చెప్తాను, ఎందుకంటే ఇందులో నా తప్పు ఒకటుంది.

పోయిన డిసెంబర్‌లో బాబాయ్, పిన్ని, మా చెల్లి, నేను విశాఖ నుంచి అరకు బయల్దేరాం. కారు సెల్ఫ్ డ్రైవ్ అద్దెది. మా బాబాయ్ పాతకాలం మనిషి. బండి ఎక్కే ముందు నాలుగు టైర్లనీ కాలితో తన్ని చూస్తాడు. "గాలి చూశావురా?" అన్నాడు. నేను గర్వంగా డ్యాష్‌బోర్డ్ స్క్రీన్ చూపించాను: నాలుగు చక్రాలకీ 33 పీఎస్ఐ. "మరి స్టెప్నీ?" అన్నాడు. "అన్నీ ఉంటాయిలే బాబాయ్" అన్నాను. డిక్కీ తెరిచి చూడలేదు. సాఫ్ట్‌వేర్‌లో దీన్ని టెస్ట్ చేయకుండా ప్రొడక్షన్‌లోకి పంపడం అంటారు.

ఎస్.కోట దాటాం, బౌడార దాటాం, ఘాట్ మొదలైంది. టైడ దాటి అనంతగిరి వైపు ఎక్కుతుంటే ఒక మలుపులో ఎదురుగా ఆర్టీసీ బస్సు. దారి ఇవ్వడానికి ఎడమ చక్రాలు తారు దిగి అంచు మట్టిలోకి వెళ్లాయి. ఇంకో రెండు మలుపులు తిరిగేసరికి స్క్రీన్ మీద పసుపు గుర్తు. వెనక ఎడమ టైరు 27. చూస్తుండగానే 24.

రోడ్డు కాస్త వెడల్పుగా ఉన్నచోట ఆపి డిక్కీ తెరిచాం. కార్పెట్ ఎత్తితే స్టెప్నీ ఉండాల్సిన గుంతలో నల్లటి ఫోమ్ ట్రే. అందులో చిన్న కంప్రెసర్, ఒక తెల్ల సీసా. బాబాయ్ సీసా చేతిలోకి తీసుకుని, "ఇదేంట్రా, షాంపూనా?" అన్నాడు. మీకు నవ్వొస్తోంది కానీ అప్పుడు నాకు రాలేదు. ఫోన్‌లో సిగ్నల్ లేదు. సాయంత్రం నాలుగున్నర. డిసెంబర్‌లో ఆ కాఫీ తోటల నీడలో ఐదున్నరకే చీకటి పడిపోతుంది.

ఇక్కడ కథ ఆపి అసలు స్టెప్నీ ఎందుకు లేదో చెప్తాను. ఇది ఆ అద్దె వాళ్లు కొట్టేసింది కాదు, రూల్ ప్రకారమే లేదు. 2020 జులైలో కేంద్ర రవాణా శాఖ మోటారు వాహనాల నిబంధనలు మార్చింది, ఆ అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. డ్రైవర్‌తో కలిపి 9 సీట్ల లోపు, 3.5 టన్నుల లోపు ప్రయాణికుల బండి అయితే, దానికి ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి ఎంతుందో చెప్పే సెన్సర్ సిస్టమ్, రిపేర్ కిట్ ఉంటే స్టెప్నీ ఇవ్వక్కర్లేదు. స్థలం కలిసొస్తుంది, బరువు తగ్గుతుంది, ఈవీల్లో అయితే బ్యాటరీకి చోటు దొరుకుతుంది. హైదరాబాద్‌లో, విశాఖలో నాకు ఈ లాజిక్‌తో పేచీ లేదు. సిటీలో కిలోమీటరుకో పంక్చర్ షాపు ఉంటుంది. టైడకీ అనంతగిరికీ మధ్య ఉండదు. రూల్ మాత్రం రెండు చోట్లకీ ఒకటే.

సరే, సీసాలో ఏముంది? కార్లతో వచ్చే కిట్లలో ఎక్కువగా రబ్బరు పాలు, అంటే లేటెక్స్. అది గడ్డకట్టకుండా, చలికి బిగుసుకోకుండా గ్లైకాల్ కలుపుతారు. కారు రేడియేటర్ కూలెంట్‌లో వాడే జాతి పదార్థమే. బైకులకి బజార్లో దొరికే జెల్‌లో అయితే సన్నటి నార పోగులు, రబ్బరు పొడి కూడా ఉంటాయి. చక్రం తిరిగేటప్పుడు ఈ లిక్విడ్ టైరు లోపలి గోడకి పరుచుకుంటుంది. చిల్లు ఉన్నచోట గాలి బయటికి తన్నుతుంది కదా, ఆ గాలితో పాటే లిక్విడ్ చిల్లులోకి దూరుతుంది. అక్కడ లేటెక్స్ గడ్డకడుతుంది, పోగులు అడ్డం పడతాయి. కాలవకి గండి పడితే చెత్తా చెదారం కొట్టుకొచ్చి తనే అడ్డుపడినట్టు. పని చేసేది అలా.

అందుకే చిల్లు ఎంతుంది, ఎక్కడుంది అన్నదే మొత్తం కథ. చాలా కిట్ల మాన్యువల్స్ 4 మిల్లీమీటర్లు, కొన్ని 6 మిల్లీమీటర్ల దాకా అంటాయి. అదీ ట్రెడ్‌లో, అంటే రోడ్డుకి ఆనే గాళ్ల భాగంలో. పక్క గోడ, అంటే సైడ్‌వాల్ చిరిగితే ఏ సీసా పని చేయదు. ఎందుకంటే చక్రం తిరిగిన ప్రతిసారీ ఆ పక్క భాగం వంగుతుంది, మళ్లీ సాగుతుంది. చిల్లు నోరు తెరుస్తూ మూస్తూ ఉంటుంది. పట్టిన గడ్డ ఊడిపోతుంది.

మా మేకు ఎక్కడ దిగిందంటే, ట్రెడ్ అయిపోయి సైడ్‌వాల్ మొదలయ్యే ఆ వంపులో. మెకానిక్కులు షోల్డర్ అంటారు. అంటే కిట్ పని చేయని జాగాకి బోర్డర్‌లో. పైగా సీసా మీద డేట్ చూస్తే గడువు అయిపోయి 14 నెలలు. అవును, సీలెంట్‌కి ఎక్స్‌పైరీ ఉంటుంది. సీసా తెరవకపోయినా సాధారణంగా నాలుగైదేళ్లే. లోపల లేటెక్స్ మెల్లగా చిక్కబడి ముద్దలు కట్టేస్తుంది.

అయినా చేతిలో ఉన్నది అదే కాబట్టి ఎక్కించాను. ఇంజిన్ ఆన్‌లో ఉంచి, కంప్రెసర్‌ని 12 వోల్టుల సాకెట్‌కి పెట్టి, సీసా తగిలించి, ట్యూబ్ వాల్వ్‌కి బిగించి స్విచ్ వేశాను. ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోండి, మొదటి అర నిమిషం ముల్లు ఒక్కసారిగా పైకి లేస్తుంది. అది టైరులో గాలి కాదు, లిక్విడ్ వాల్వ్‌లోంచి దూరేటప్పుడు వచ్చే ఒత్తిడి. భయపడి ఆపకండి. తర్వాత కిందికి దిగి, అసలు గాలి ఎక్కడం మొదలవుతుంది. మాకు 17 దాకా ఎక్కి అక్కడే ఆగింది. పది నిమిషాలు దాటాక కంప్రెసర్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది, ఆపేశాను. 17 కాస్తా 15 అయింది. మేకు చుట్టూ తెల్లటి నురగ.

బాబాయ్ "మెల్లగా పోనీరా, అనంతగిరి ఎంత దూరమనీ" అన్నాడు. మాన్యువల్‌లో మాత్రం 1.3 బార్, అంటే సుమారు 19 పీఎస్ఐ కూడా నిలబడకపోతే బండి కదపొద్దని ఉంది. చాలా కంపెనీల మాన్యువల్స్‌లో ఇదే అంకె కనిపిస్తుంది. దీని వెనక కారణం ఉంది. ట్యూబ్‌లెస్ టైరుని రిమ్ముకి పట్టి ఉంచేది లోపలి గాలే. గాలి తక్కువ ఉన్నప్పుడు మలుపులో బండి బరువంతా ఒక పక్కకి తోస్తే టైరు అంచు రిమ్ము మీంచి జారిపోవచ్చు. చదును రోడ్డు మీద అయితే కారు ఆగిపోతుంది, అంతే. హెయిర్‌పిన్ మలుపులో, పక్కన లోయ ఉన్నప్పుడు, నాతో ముగ్గురు ఉన్నారు. నేను కదలనన్నాను. బాబాయ్‌కి కోపం వచ్చింది. పిన్ని ఇద్దరినీ తిట్టింది.

అరగంట తర్వాత పైకి వెళ్తూ ఒక బొలెరో ఆగింది. సంత నుంచి తిరిగి వెళ్తున్న జనం, పైన బస్తాలు. డ్రైవర్ అన్న దిగి, "ఏటయ్యింది బాబూ?" అన్నాడు. స్టెప్నీ లేదని చెప్తే నమ్మలేదు, తనే డిక్కీలోకి తొంగి చూశాడు. "ఇంత కొత్త బండికి స్టెప్నీ ఇవ్వలేదేటి?" అని, తన బండిలోంచి ట్యూబ్‌లెస్ కిట్ తెచ్చాడు. ఆ పొడవాటి సూది, జిగురు స్ట్రిప్పులు ఉంటాయే, అది.

ఇప్పుడు నా తప్పు. లోపల లిక్విడ్ ఎక్కించామని నేను ఆయనకి చెప్పలేదు. దాచలేదు, తోచలేదు. హమ్మయ్య ఎవరో వచ్చారు అన్న సంబరంలో ఉన్నాను. ఆయన చక్రం పక్కన గొంతుక్కూర్చుని, పట్కారుతో మేకు పీకాడు. లోపల ఉన్న గాలి ఆ పాలని ఎగజిమ్మింది. చొక్కా మీద, గడ్డం మీద, కుడి కంట్లో.

లేటెక్స్ పాడవకుండా అమ్మోనియా లాంటివి వాడతారు. ఆ ఘాటు వాసన అందరికీ తగిలింది. ఆయన చేత్తో కన్ను నలుపుకోబోయాడు. బాబాయ్ చెయ్యి పట్టుకుని ఆపి, తల పక్కకి వంచి, మా దగ్గరున్న తాగే నీళ్లు రెండు సీసాలూ కంట్లో ధారగా పోశాడు. బొలెరోలోంచి ఒక ముసలామె బిందె పట్టుకుని దిగింది, అందులో నీళ్లు కూడా అయిపోయాయి. పావుగంట. నేను పక్కన నిలబడి ఉన్నాను, అంతే. కన్ను ఎర్రగా అయింది కానీ చూపు బాగానే ఉందన్నాడు. తర్వాత నాతో ఒక్క మాటే అన్నాడు: "ముందే సెప్పాలి కదా బాబూ." గట్టిగా అరిచినా బాగుండేది.

కంట్లో పడితే చేయాల్సింది అదే, నలపకుండా కనీసం పదిహేను నిమిషాలు మంచినీళ్లతో కడగడం, ఆ తర్వాత డాక్టర్‌కి చూపించడం. లేటెక్స్ పడని వాళ్లకి చర్మం మీద దద్దుర్లు కూడా రావచ్చు. గ్లైకాల్ మింగితే విషం. కొన్నిట్లో వాడే ఎథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, అందుకే పిల్లలకీ కుక్కలకీ మరీ ప్రమాదం. సగం వాడిన సీసాని రోడ్డు పక్కన పారేయడం గురించి నేను వేరే చెప్పక్కర్లేదు అనుకుంటా. ఆ కొండల్లో కిందికి పారేది ఎవరో ఒకరి ఊటలోకే పోతుంది.

స్ప్రే డబ్బాల సంగతి ఇంకో రకం. కంప్రెసర్ అక్కర్లేకుండా డబ్బాలోని గ్యాసే టైరుని నింపుతుంది. కొన్నిట్లో ఆ గ్యాస్ మండే రకం, బ్యుటేన్, ప్రొపేన్ లాంటివి. అది టైరులో అలాగే ఉండిపోతుంది. తర్వాత ఎవరో ఆ సంగతి తెలియక, టైరు ఊడదీయకుండా వంగిపోయిన రిమ్ముకి వెల్డింగ్ పెడితే పేలుతుంది. ఊహించి చెప్తున్నది కాదు, విదేశాల్లో ఇలా మనుషులు పోయారు. కొనేటప్పుడు డబ్బా మీద మంట బొమ్మ ఉందేమో చూడండి. ఎండలో కారు డ్యాష్‌బోర్డ్ మీద మాత్రం పెట్టకండి.

కాబట్టి సీలెంట్ వాడిన టైరుని ఎవరి చేతికి ఇచ్చినా నోరు తెరిచి చెప్పండి: "అన్నా, లోపల లిక్విడ్ ఉంది." నాలుగు మాటలు. స్పీడు 80 దాటొద్దని కిట్‌తో ఒక స్టిక్కర్ ఇస్తారు కదా స్టీరింగ్ దగ్గర అంటించుకోమని, నన్నడిగితే వాల్వ్ పక్కన అంటించడానికి కూడా ఇంకోటి ఇవ్వాలి, పంక్చర్ వేసే మనిషి కోసం. అయినా ఘాట్‌లో 80 ఎవడు పోతాడు!

మిగతా కథ త్వరగా చెప్పేస్తాను. స్ట్రిప్ రెండుసార్లు జారిపోయింది, ఎందుకంటే చిల్లు అంతా లేటెక్స్ తడి. ఇది కూడా తెలుసుకోవాల్సిన విషయమే. సీలెంట్ వేశాక స్ట్రిప్ గానీ ప్యాచ్ గానీ సరిగ్గా పట్టదు, శుభ్రం చేయాలి. మూడోసారి గుడ్డతో తుడిచి, రెండు స్ట్రిప్పులు కలిపి దింపాడు. మా కంప్రెసర్‌తోనే 30 కొట్టాం. "ఎనకాలే వస్తాను, పొండి" అని, అనంతగిరి దాకా మా వెనకే లైట్లు వేసుకుని వచ్చాడు. ఆయన బండిలో జనం మా వల్ల గంట పైన ఆలస్యం అయ్యారు. ఒక్కరూ విసుక్కోలేదు అని చెప్పను, ఇద్దరు ముగ్గురు బాగానే విసుక్కున్నారు, న్యాయమే. 300 అడిగాడు, ఇచ్చాం. నంబర్ తీసుకుని రెండు రోజుల తర్వాత ఫోన్ చేశాను. కన్ను తగ్గిపోయిందట.

అరకులో షాపు అతను టైరు విప్పితే లోపలంతా పెరుగు గడ్డలు. "షోల్డర్‌లో పోయింది, ఇంక దీన్ని నమ్మకండి" అని తేల్చేశాడు. ఆ సైజు టైరు అరకులో దొరకలేదు. మర్నాడు విశాఖ నుంచి ఆర్టీసీ కార్గోలో తెప్పించుకున్నాం. ఆ డబ్బులు కూడా నావే, అద్దె వాళ్లు ఒప్పుకోలేదు. ఈ ముక్క షాపులో అడిగి కోయించుకున్నాను.

అలా అని సీలెంట్ పనికిరాదని నేను చెప్పట్లేదు. మేకు రెండంగుళాలు ఇవతల, ట్రెడ్‌లో దిగి, సీసా డేట్‌లో ఉంటే చాలా మటుకు పదిహేను నిమిషాల్లో బయల్దేరేవాళ్లం. చీకట్లో, వర్షంలో, మలుపులో జాకీ పెట్టి చక్రం విప్పడం కంటే అది సేఫ్ కూడా. ఏటవాలు రోడ్డు మీద జాకీ జారితే ఏమవుతుందో ఊహించుకోండి. ఒక అమ్మాయి ఒంటరిగా వెళ్తోంది, చక్రం విప్పే బలం లేని పెద్దాయన వెళ్తున్నాడు, వాళ్లకి ఆ సీసా నిజంగా ఉపయోగమే. మేకు పీకకుండా అలాగే ఉంచి ఎక్కించండి, ఒక ఐదారు కిలోమీటర్లు నెమ్మదిగా నడిపి ఆపండి, మళ్లీ గాలి చూడండి. నిలబడితే నేరుగా పంక్చర్ షాపుకే. వ్యూ పాయింట్‌కి కాదు, గాలికొండ ఎక్కడికీ పోదు.

కొండ దిగేటప్పుడు ఇంకా జాగ్రత్త. దిగుడులో బరువు ముందు చక్రాల మీద పడుతుంది, బ్రేకుల వేడి రిమ్ముకి, టైరుకి ఎక్కుతుంది. సీలెంట్ పోసింది ముందు చక్రానికి అయితే దాంతో ఘాట్ దిగకండి. పైనే పక్కా రిపేర్ చేయించుకుని దిగండి.

గాలి గురించి చిన్న లెక్క, నాలాంటి పిచ్చోళ్ల కోసం. విశాఖలో 33 డిగ్రీల ఎండలో 33 కొట్టించి, 900 మీటర్ల ఎత్తున్న అరకులో 15 డిగ్రీల తెల్లవారుజామున చూస్తే చలికి దాదాపు 3 తగ్గుతుంది. ఎత్తు వల్ల బయటి గాలి పలచబడి మీటర్ ఒకటిన్నర ఎక్కువ చూపిస్తుంది. రెండూ పోగా ఒకటో ఒకటిన్నరో తగ్గినట్టు కనిపిస్తుంది. అది పంక్చర్ కాదు. అన్ని టైర్లలో ఒకేలా తగ్గితే వాతావరణం, ఒక్కదాంట్లోనే తగ్గితే మేకు.

బైకుల వాళ్లు నన్ను ఎప్పుడూ అడిగే ప్రశ్న: ముందే జెల్ పోయించుకోవచ్చా? పోయించుకోవచ్చు, అది ట్యూబ్‌లెస్ టైరు అయితే. కొండ లోపలి ఊళ్ల దాకా రోజూ తిరిగే ఆశా కార్యకర్త, టీచర్, సరుకుల కుర్రాడు లాంటి వాళ్లకి నేనైతే పోయించుకోమనే చెప్తాను. వాళ్లు దారిలో ఆగిపోతే అక్కడ ఎదురుచూసే వాళ్లు ఉంటారు. కాకపోతే రెండు చిక్కులున్నాయి. స్పోక్ రిమ్ములు, లోపల ట్యూబ్ ఉన్న బళ్లకి ఇది అంత పట్టదు, ట్యూబ్ సాగి చిల్లు పెద్దదవుతుంది. రెండోది, అది పని చేస్తే పంక్చర్ పడిన సంగతే మీకు తెలీదు. మేకు అలాగే లోపల ఉండి తీగల్ని కోస్తూ ఉంటుంది, తడి దిగి తుప్పు పడుతుంది. కాబట్టి వారానికోసారి టైరు చుట్టూ చెయ్యి తిప్పి చూసుకోవాలి. "జీవితాంతం పంక్చర్ ఉండదు" అన్న యాడ్‌ని మాత్రం స్క్రోల్ చేసేయండి. జెల్ ఎండిపోతుంది, సీసా మీద రాసిన గడువుకి తీయించి మళ్లీ పోయించాలి.

ఇప్పుడు నా బ్యాగులో ఏముందంటే, స్ట్రిప్ కిట్ ఒకటి, అది రెండు మూడు వందలకే వస్తుంది. చిన్న కంప్రెసర్, గ్లవ్స్, ఒక చవక ప్లాస్టిక్ కళ్లద్దాలు, రెండు లీటర్ల నీళ్లు. సీలెంట్ సీసా కూడా ఉంది, దాని డేట్ ఫోన్ క్యాలెండర్‌లో రిమైండర్ పెట్టాను. స్ట్రిప్ వేయడం యూట్యూబ్‌లో చూసి వచ్చేస్తుందనుకోకండి, పాత టైరు మీద ఒకసారి చేసి చూడండి. మొదటిసారి నాకు సూది లోపలికే దిగలేదు.

ఇంకొకటి, బండి జారకుండా చక్రాల వెనక రాళ్లు పెడతాం కదా, వెళ్లేటప్పుడు తీసి పక్కన పడేయండి. మేం ఆ రోజు మా రాళ్లు తీశాం, కానీ అదే జాగాలో అంతకు ముందెవరో వదిలేసినవి ఇంకో రెండు ఉన్నాయి, మలుపు తిరగ్గానే. బొలెరో అన్న వాటిని కాలితో తోసేసి బండెక్కాడు.

మీ కారు డిక్కీలో స్టెప్నీ ఉందో, సీసా ఉందో, ఉంటే దాని మీద ఏ డేట్ ఉందో ఇప్పుడే వెళ్లి చూసి కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో పాడేరు వైపు ఘాట్, బైకు మీద. బాబాయ్ కూడా వస్తానంటున్నాడు, వెనక సీటు మీద. ఉంటాను, బై.